అరవై ఒక్క మంది పేర్లు

ఎడారి ఊరు ఐన్ రఖ్మాలో బోరు పడితే మొదటి గిన్నె నీళ్ళు మగవాళ్ళు తాగరు. బురదంతా పోయి తేటనీళ్ళు పైకి రాగానే, ఊళ్ళో బోర్లన్నీ వేసే దౌ అనే ఆయన ఒక ఇత్తడి గిన్నె నింపి, దాని అంచు తన తలగుడ్డతో తుడిచి, ఆ ఇంటి పెద్దావిడ చేతికిస్తాడు. ఆవిడ నోట్లో పోసుకుని, కాసేపు నిలిపి, మింగి, "తియ్యన" అనో "ఉప్పన" అనో చెప్పాలి. ఏది చెప్పినా సరే, ఆ పూట నుంచి ఆ బోరుకు ఆవిడ పేరే. సల్హా బోరు, ముబారకా బోరు, జాజియా బోరు. అయితే ఆ పేర్లు ఇంటి గోడల మధ్య అనుకునేవి మాత్రమే. కాఫీ కొట్టు దగ్గర ఏ మగాడూ వాటిని నోటికి రానివ్వడు. అక్కడ "పడమటి మోటారు" అంటారు, "దిబ్బ కింది మోటారు" అంటారు. కన్నతల్లి పేరు నలుగురిలో పలికితే పరువు తీసి వీధిలో ఆరేసినట్టే లెక్క.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ బోర్లలో ఒక్కదానికీ కాగితం లేదు. ఊరికి పేరిచ్చిన ఊట ఎండిపోయి ముప్పై ఏళ్ళు దాటింది. సర్కారు వాళ్ళ పాత ఉమ్మడి బావి ఒకటుంది గాని, వంతులవారీగా పదిహేను రోజులకొకసారి గంటన్నర సేపు వచ్చే ఆ నీళ్ళు ఖర్జూరం చెట్ల గొంతు తడపడానికైనా చాలవు. అందుకని ఎవరికి వాళ్ళు చాటుగా బోరు వేసుకుని, పైన మట్టలతో పాక కట్టి, ముందు రెండు గొర్రెల్ని కట్టేసేవాళ్ళు. చూసినవాళ్ళు గొర్రెల పాక అనుకోవాలని.

నజీహా ఆ ఊరి పిల్లే. పుట్టిన నలభయ్యో రోజున తల్లి పోతే సల్హా పిన్ని తెచ్చుకుని పెంచింది. సల్హాకి మొగుడు పోయాక మిగిలింది నలభై రెండు ఖర్జూరం చెట్లు, ఈ పిల్ల. ఆ చెట్ల కాపుతోనే పిల్లని రాజధాని దాకా పంపి చదివించింది. ఇప్పుడు ఆ పిల్లకి ముప్పై నాలుగేళ్ళు. సముద్రం ఒడ్డున పట్నంలో, ఎండు నేలల పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. ఊళ్ళో మాత్రం "సల్హా కూతురు ఆకాశం బొమ్మలు చూస్తుంది" అని చెప్పుకునేవాళ్ళు.

ఆ మాట అబద్ధం కాదు. ఐదు రోజులకొకసారి ఉపగ్రహం పైనుంచి పోతూ బొమ్మ తీస్తుంది. దాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. బొమ్మంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది, ఒక్కో గడి పది మీటర్లు. ఐన్ రఖ్మాలో చెట్టుకీ చెట్టుకీ మధ్య దూరం కూడా పది మీటర్లే కాబట్టి, ఇంచుమించు గడికొక చెట్టు.

"పిన్నీ, పైనుంచి చూస్తే నీ తోట నా బొటనవేలి గోరంత ఉంది" అంది ఒకసారి.

"గోరంతదే నిన్ను కొండంత చేసింది, మర్చిపోకు" అంది సల్హా.

బొమ్మలో పచ్చగా కనిపించేదంతా ఒక్కలాగే ఉంటుంది. ఏ పచ్చదనం ఉమ్మడి బావి నీళ్ళతో వచ్చింది, ఏది చాటు బోరుతో వచ్చింది అన్నది కంప్యూటరుకు తెలియదు. ఎవరో ఒకరు నడిచి వెళ్ళి, ఆ చోట నిలబడి, ఇది ఫలానా అని గుర్తు పెట్టి తీసుకురావాలి. ఆ పనిలో ఉన్నవాళ్ళు దాన్ని నేల సాక్ష్యం అంటారు. నజీహా నాలుగు వేసవులు ఆ సాక్ష్యం కోసం తిరిగింది. మగవాడు ఎవడైనా వెళ్ళి ఉంటే గొర్రెల పాకలే చూపించేవాళ్ళు. నజీహా ఆడపిల్ల, అందులోనూ ఊరి పిల్ల. ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకెళ్ళి, మట్టలు పక్కకి లాగి, గొట్టం మీద చెయ్యేసి నవ్వేవాళ్ళు. "ఇదిగో, ఇది నేను" అనేవాళ్ళు. బోరును చూపించి అలా అనడం వాళ్ళకి అలవాటు. ప్రతి ఇంట్లోనూ టీ తాగింది. ప్రతి ఇంట్లోనూ "ఇది నా దగ్గరే ఉంటుంది" అని చెప్పింది.

ప్రతి చుక్క పక్కనా ఒక పేరు రాసుకోవాలి కదా, ఆడవాళ్ళ పేర్లే రాసుకుంది. అలా రాయడం తెలివైన పని అనుకుంది కూడా. భూమి కాగితాల్లో ఎక్కడా ఆ పేర్లుండవు, అన్నీ మగవాళ్ళవే. ఎవరి చేతిలో పడినా జాజియా ఎవరో, ముబారకా ఎవరో ఏం తెలుస్తుంది? మొత్తం అరవై ఒక్క పేర్లు. మొదటిది సల్హా.

ఇక తిజానీ సంగతి. సరిహద్దుకి అవతల, అల్జీరియాలో, సూఫ్ అనే చోట ఇసక తిన్నెల మధ్య పుట్టినవాడు. నజీహాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన చూసేవి వేరే రకం బొమ్మలు. నేల ఏటా ఎంత కుంగుతోందో మిల్లీమీటర్ల లెక్కన చెప్పే బొమ్మలవి. వాటిని తయారు చేసేంత కంప్యూటరు నజీహా ఉన్నచోట లేదు. ఒక సమావేశంలో ఆ మాట మొహమాటపడుతూ చెబితే, ఆయన వారం తిరక్కుండా నాలుగేళ్ళ పనంతా పంపించాడు. దానికి షరతు పెట్టలేదు, కాగితం రాయించుకోలేదు.

"ఇంత కష్టపడి చేసింది ఊరికే ఇస్తావా అన్నా?" అని అడిగింది.

"మా వైపు దారిన పోయేవాడికి కుండ మీద మూత పెట్టం చెల్లీ. ముంచుకో. రేపు నా కుండ ఖాళీ అయితే నీ దగ్గరికి వస్తాను."

ఎనిమిది నెలలకి ఆయన వచ్చాడు. చాటు బోర్లున్న చోటే నేల ఎక్కువ కుంగుతోందని రుజువు చేయాలట. అందుకు నజీహా చుక్కలు కావాలట. ఇవ్వకపోతే ఏం బాగుంటుంది? నజీహా ఆలోచించి, ప్రతి చుక్కనీ అర కిలోమీటరు అటో ఇటో జరిపి, ఆ ఫైలు పంపింది. మాట దక్కింది, స్నేహమూ దక్కింది అనుకుని నిద్రపోయింది.

వారానికి ఫోనొచ్చింది.

"చెల్లీ, నీ చుక్కలు సగం ఇసకదిబ్బల నెత్తిన పడ్డాయి. నాలుగైతే ఉప్పు కయ్యలోనే ఉన్నాయి. మీ ఊళ్ళో ఒంటెలు గాని బోర్లు వేస్తాయా ఏంటి?"

"జీపీఎస్ పాతది అన్నా."

"పాతదైతే ఐదు మీటర్లు తప్పుతుంది, పది తప్పుతుంది. అర కిలోమీటరు తప్పుతుందా? నాకు చెప్పొచ్చులే, ఎవరికీ చెప్పను. ఎండకి జడిసి ఫ్యాను కింద కూర్చుని పెట్టావు కదూ? చాలామంది చేసే పనే అది."

మనిషిని ఎక్కడ గిల్లితే రక్తం వస్తుందో కొందరికి తెలియకుండానే తెలుస్తుంది. నాలుగు వేసవులు, నీడలోనే నలభై ఎనిమిది డిగ్రీల ఎండ. చెప్పు అడుగు కరిగి ఊడిపోతే కాలికి గుడ్డ చుట్టుకుని నడిచిన రోజుంది. ఫ్యాను కింద కూర్చుందట! నజీహా ముఖం జేవురించింది. ఫోను పెట్టేసిన క్షణంలోనే అసలు ఫైలు తీసి పంపేసింది. కింద ఒకే ఒక్క ముక్క రాసింది: "ఇప్పుడు చూసుకో." ఇది దాచిపెట్టు అని గాని, పేర్లు తీసెయ్యి అని గాని రాయలేదు. కోపంలో ఉన్నవాళ్ళకి అవన్నీ ఎక్కడ గుర్తుంటాయి?

తిజానీ చూసుకున్నాడు. క్షమించమన్నాడు. ఇంత ఖచ్చితమైన నేల సాక్ష్యం తన జన్మలో చూడలేదన్నాడు. వ్యాసం రాసి ఇద్దరి పేర్లూ పెట్టాడు. అచ్చు వేసేవాళ్ళు పన్నెండు ప్రశ్నల కాగితం పంపారు. వాటిలో తొమ్మిదోది: ఈ పనికి వాడిన సమాచారమంతా అందరికీ అందుబాటులో పెట్టడం మీకు సమ్మతమేనా? అందరూ ఒప్పుకునేదే కదా అని నజీహా పన్నెండింటికీ టిక్కు పెట్టింది. ఆ రోజు ఆమె మనసంతా మొదటి పేజీలో తన పేరు ఎలా కనిపిస్తుందోనన్న దాని మీదే ఉంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక్కడ పెదవి కూడా కదల్లేదు.

ఆగస్టులో, గెలలు రంగు తిరిగే రోజుల్లో, సల్హా ఫోను చేసింది. గొంతులో నవ్వూ ఏడుపూ కలగలిసి ఉన్నాయి.

"ఏమే పిల్లా, అన్నేళ్ళ కాపురంలో నా మొగుడు ఒక్కనాడు నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. నిన్న సర్కారు పిలిచింది."

"ఏమైంది పిన్నీ?"

"నీళ్ళ ఆఫీసువాళ్ళు జీపులో వచ్చారు. ఉత్తరాది వాడొకడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. కాఫీ కొట్టు ముందు దిగి కాగితం తీసి, 'సల్హా ఎవరు? ముబారకా ఎవరు? జాజియా ఎక్కడ?' అని అంగడిలో వేలం పాడినట్టు పాడాడే! బల్గాసెం చేతిలో గ్లాసు అట్లాగే జారిపోయిందట. వాళ్ళమ్మ పేరు కదా జాజియా. పెళ్ళాం పేరు వినగానే ముసలి లమీన్ తలగుడ్డ మొహం మీదికి లాక్కుని లేచిపోయాడట."

నజీహా లేచి గది తలుపు మూసింది.

"పేరు పేరుకీ ఎక్కడుందో కూడా తెలుసు వాళ్ళకి. తిన్నగా నడుచుకుంటూ వచ్చి నా పాక ముందు ఆగారు. గొర్రెని పక్కకి నెట్టారు, మట్టలు లాగారు. ఎనిమిది రోజుల్లో సిమెంటు పోస్తారట. అరవై ఒక్కటీ! ఒక్కటి తప్పలేదే తల్లీ."

"పిన్నీ..."

"చెప్పిందెవడో కూడా తెలిసిపోయిందిలే. ఆ పేర్లు మా ఆడవాళ్ళకి తెలుసు, గిన్నె అందించిన దౌకి తెలుసు. మేం వెళ్ళి ఆఫీసులో చెప్పుకుంటామా? మొన్న వసంతంలో వాడి బోరు మిషను పట్టుకున్నారు చూడు, పది రోజుల్లో తిరిగిచ్చేశారు. ఊరికే ఇస్తారా? మన పేర్లు అమ్మి తెచ్చుకున్నాడు. బేకరీవాడు వాడికి రొట్టె కూడా ఇవ్వట్లేదు. శుక్రవారం నమాజు అయ్యాక కాఫీ కొట్టు దగ్గర తేలుస్తారట. ఊరొదిలి పోవాల్సిందే వాడు. నేనైతే వాడి చేతి గిన్నె తాగినందుకు నా నాలుకని..." అంటూ సల్హా తిట్లు మొదలుపెట్టింది. ఆ తిట్లు ఒక్కొక్కటీ తప్పు చిరునామాకి వెళ్తున్నాయని ఆమెకి తెలియదు. నజీహా ఫోను చెవికి ఆనించుకుని అన్నీ విన్నది.

తర్వాత వ్యాసం తెరిచి, దాని కింద ఉన్న దారి పట్టుకుని వెళ్ళి చూసింది. చుక్కలు, పేర్లు, అన్నీ ఎండలో ఆరబెట్టినట్టు కనిపించాయి. మూడు వందల పన్నెండు మంది దించుకున్నారని కింద రాసి ఉంది. తిజానీకి ఫోను చేసింది.

"అవి మనుషుల పేర్లా?" అన్నాడు ఆయన. "తుఫాన్లకి పెడతారు చూడు ఆడపేర్లు, అట్లా నువ్వు సరదాకి పెట్టుకున్నావనుకున్నాను చెల్లీ. ఒక్క మాట అడిగి ఉంటే..."

"నేనూ చెప్పలేదు కదా."

"ఇప్పుడే తీయించేస్తాను."

"తీయించు. ఆ మూడొందల పన్నెండు మంది దగ్గర్నుంచి ఎట్లా తీయిస్తావు?"

ఆయన చిన్నగా అన్నాడు: "తప్పు నాది కూడా. కానీ ఒకటి చెప్పనా, కోప్పడకు. మీ ఊరి కింద నేల ఏడాదికి రెండు సెంటీమీటర్లు దిగుతోంది. ఆ బోర్లు ఇట్లాగే తోడితే పదేళ్ళకి ఊరే ఉండదు."

"తెలుసు అన్నా. ఆ లెక్క వేసింది నేనే."

"మరి?"

"లెక్క నాది. పేర్లు నావి కావు."

గురువారం ఉదయం ఎనిమిది మంది ఎక్కే అద్దె బండిలో ఆఖరి సీటు దొరికింది. దారి పొడుగునా ఒక ముసలాయన కోడిపుంజుని ఒళ్ళో పెట్టుకుని దాని గుణగణాలు వర్ణిస్తూనే ఉన్నాడు. నజీహా మాత్రం పిన్నితో చెప్పాల్సిన మాటని అటు తిప్పీ ఇటు తిప్పీ, ఏ కొస పట్టుకుని మొదలుపెట్టాలో తెలియక, కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది.

సల్హా వాకిట్లో పెనం పెట్టుకుని, ఉల్లిపాయ, కొవ్వు, ఎర్ర మిరపకారం కూరిన రొట్టెలు కాలుస్తోంది. "పిన్ని బోరు పోతుందని పని మానుకుని వచ్చావా నా తల్లీ" అని మసి చేతులతోనే మొహం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. బుగ్గ మీద నల్లటి వేళ్ళ గుర్తులు పడ్డాయి. నజీహా వాటిని తుడుచుకోలేదు. రొట్టె విరిచి ఇస్తే తిన్నది. టీ ఇస్తే మూడు గ్లాసులూ తాగింది. మొదటి గ్లాసప్పుడు చెబుదామనుకుంది, రెండోదప్పుడు అనుకుంది. మూడోది అయ్యాక సల్హా "వెళ్ళి పడుకో, ఎండకి కళ్ళు లోపలికి పోయాయి" అంది. రొట్టె తిన్నాక చెప్పడం కంటే తినకముందు చెప్పడమే తేలికగా ఉండేదని అప్పుడు తెలిసింది.

శుక్రవారం నమాజు అయింది. సల్హా తోటలోకి వెళ్ళింది. నజీహా తలకి గుడ్డ చుట్టుకుని కాఫీ కొట్టుకేసి నడిచింది.

ఆ కొట్టులోకి ఆడవాళ్ళు వెళ్ళరు. వెళ్ళకూడదని ఎవరూ చెప్పలేదు గాని ఎవరూ వెళ్ళలేదు. రేకుల కింద పాతికమంది మగవాళ్ళు కూర్చున్నారు. మధ్యలో దౌ నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, నూనె మరకల చొక్కా, చేతిలో ఎర్ర టోపీ. ఎవరూ ఆయనకి కుర్చీ జరపలేదు.

"దేవుడి గ్రంథం మీద ప్రమాణం చెయ్యి. చెప్పలేదని చెయ్యి" అంటున్నాడు బల్గాసెం.

"చేస్తాను" అన్నాడు దౌ. "చేశాక నమ్ముతారా?"

దౌ అందరి మొహాలూ ఒకసారి చూశాడు.

"నమ్మరు. నమ్మనప్పుడు అంత పెద్ద మాట దండగ చెయ్యడం ఎందుకు?"

"బాబాయ్, ప్రమాణం చెయ్యకు" అంది నజీహా.

పాతిక తలలూ ఒక్కసారి తిరిగాయి. కొట్టువాడు చేతిలో కెటిల్ అట్లాగే పట్టుకుని ఆగిపోయాడు.

"చెప్పింది నేను" అంది. "ఆ కాగితం నాది. నాలుగు వేసవులు మీ ఇళ్ళకి వచ్చి రాసుకున్నాను. నాలాంటి పని చేసే ఇంకొకాయనకి ఇచ్చాను. ఆయన దగ్గర్నుంచి అందరికీ పోయింది. దౌ బాబాయికి ఇందులో ఏమీ తెలియదు."

"ఎంత ముట్టింది?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఏమీ ముట్టలేదు."

"మరి ఎందుకిచ్చావు?" అన్నాడు బల్గాసెం. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

బండిలో వస్తూ నజీహా ఈ ప్రశ్నకి పెద్ద పెద్ద జవాబులు కట్టుకుంది. నేల కుంగిపోవడం గురించి, పరిశోధకులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడం గురించి. ఇప్పుడు అవేవీ నోటికి రాలేదు.

"నా పని అబద్ధం అన్నాడు ఆయన" అంది.

బల్గాసెం ఆమెకేసి తిరిగాడు. "నీ పని నిజమని చెప్పుకోడానికి మా అమ్మ పేరు తాకట్టు పెట్టావన్నమాట" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండును. కొట్టువాడితో "దౌ మావకి కుర్చీ వెయ్యి" అని మాత్రం అన్నాడు. దౌ కూర్చోలేదు. టోపీ పెట్టుకుని, ఎవరికేసీ చూడకుండా, ఎండలోకి వెళ్ళిపోయాడు.

నజీహా ఇల్లు చేరేసరికే కబురు ఆమెకంటే ముందు చేరింది. సల్హా గడప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో నిన్నటి మసిగుడ్డ.

"నా పేరు ఎన్నోది?" అంది.

"మొదటిది పిన్నీ."

"మొదటిదెందుకు?"

"నీ దగ్గరే మొదలుపెట్టాను కదా."

సల్హా తల ఊపింది. "నిన్న చెప్పలేదేం?"

నజీహా గడప కింద మెట్టు మీద కూర్చుంది.

"దౌని నేను తిడుతుంటే విన్నావు. వచ్చి నా రొట్టె తిన్నావు." సల్హా మసిగుడ్డని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పింది. "అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో. ఇవ్వకపోదునేమో. అదైనా నేను చెప్పాల్సిన మాట కదే. నా నోరు ఉండగా నా పేరు నువ్వెట్లా ఇచ్చావు?"

"పిన్నీ, కాళ్ళు పట్టుకుంటాను."

"వద్దు. సిమెంటు పోసేదాకా ఉండు. పైనుంచి చూడ్డం నీకు బాగా వచ్చు. ఇది ఇక్కడ నిలబడి చూసి వెళ్ళు."

ఉంది. మూడు రోజులు ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు, అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు.

నాలుగో రోజు పొద్దున్నే జీపు, వెనక సిమెంటు కలిపే బండి వచ్చాయి. ఆ ఉత్తరాది అధికారి కాగితం తీసి నోరు తెరవబోయాడు. సల్హా గుమ్మంలోంచే చెయ్యెత్తింది.

"కేక వెయ్యకు నాయనా. సల్హా అంటే నేనే. మా అమ్మ పెట్టిన పేరు, బాగానే ఉంటుంది గాని మెల్లగా పిలవాలి దాన్ని."

ఆ అబ్బాయి సిగ్గుపడి కాగితం మడిచేశాడు. మనిషి చెడ్డవాడు కాదు, చెప్పొద్దూ. గొర్రెని తనే విప్పి నీడలో కట్టాడు. మోటారు విప్పబోతుంటే సల్హా ఆపింది.

"ఒక్క గిన్నె పట్టనివ్వండి."

దౌ వచ్చి గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. ఆయన జేబులోంచి అదే ఇత్తడి గిన్నె తీసి, నింపి, అంచు తలగుడ్డతో తుడిచి, సల్హా చేతికిచ్చాడు. పద్నాలుగేళ్ళ కింద ఆవిడ ఇదే చోట నిలబడి "తియ్యన" అంది. ఆ రోజు ఊరంతా తీపి పంచారు. సల్హా ఇప్పుడు నీళ్ళు నోట్లో పోసుకుని నిలిపింది. మింగడానికి చాలాసేపు పట్టింది.

"ఉప్పన" అంది.

గిన్నెలో మిగిలిన నీళ్ళు కాళ్ళ దగ్గర పారబోసింది.

"రెండేళ్ళుగా ఉప్పే. చెట్ల మొదళ్ళలో తెల్లగా పొరలు కడుతోంది. ఎవరికీ చెప్పలేదు" అంది, నజీహాకేసి చూడకుండా. "చెబితే నా పేరు ఉప్పని పేరు అవుతుందని."

నీళ్ళు ఉప్పెక్కుతున్నాయని నజీహా బొమ్మలూ అన్నాయి, తిజానీ లెక్కలూ అన్నాయి. పిన్ని నాలుక రెండేళ్ళ కిందే అంది. కానీ ఆ నాలుకని తను ఎప్పుడైనా అడిగిందా? లేదు. గొట్టం ఎక్కడుందో ఒక్కటే అడిగింది.

సిమెంటు గొట్టంలోకి గడగడమంటూ దిగింది. నిండింది. ఆ అబ్బాయి సంతకం చేయించుకుని పక్క తోటకి వెళ్ళాడు. ముబారకా దగ్గరికి.

అందరూ వెళ్ళాక దౌ అన్నాడు: "సల్హా వదినా, బోరు పడ్డాక నీ వంతు వదిలేసుకున్నావు, ఉమ్మడి బావిలో నా వంతు గంటన్నర అట్లాగే ఉంది. నాకున్నవి తొమ్మిది చెట్లు. నీళ్ళు మిగులుతాయి. ముప్పావు గంట నువ్వు తీసుకో."

"మేం నిన్ను అంతేసి మాటలన్నాక?"

"మాటలకి నీళ్ళు అక్కర్లేదు. చెట్లకి కావాలి." ఆయన నజీహా వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో కోపం కనిపించలేదు, అందుకే ఎక్కువ కష్టంగా ఉంది. "నువ్వూ పంచావు, నేనూ పంచుతున్నాను పిల్లా. నువ్వు పంచింది నీది కాదు. ఈ తేడా మీ చదువులో చెప్పలేదా?"

ముప్పావు గంట నీళ్ళు పదకొండు చెట్లకి సరిపోతాయి. నలభై రెండులో ఏ పదకొండు అన్నది సల్హా ఎవరికీ చెప్పలేదు. నజీహా అడగలేకపోయింది. సంచీ పట్టుకుని సాయంత్రం బండి ఎక్కేసింది.

పట్నంలో మళ్ళీ అదే కుర్చీ, అదే తెర. ఐదు రోజులకొక బొమ్మ వచ్చేది. సెప్టెంబరులో పిన్ని తోట గళ్ళు ఒక్కొక్కటీ రంగు వెలిసిపోవడం మొదలైంది. నలభై రెండు గళ్ళు ముప్పై ఆరయ్యాయి, ఇరవై ఎనిమిదయ్యాయి. ఊరంతా అలాగే చుక్కలు చుక్కలుగా ఆరిపోతోంది. నేల కుంగడం కొంచెం నెమ్మదించిందని తిజానీ బొమ్మల్లో తెలిసింది. ఆయన ఆ మాట ఒక్క వాక్యంలో రాశాడు, సంతోషమని రాయలేదు. కింద ఇంకో వాక్యం ఉంది: "వచ్చే ఏటి చుక్కలు నన్ను అడగమంటే అడుగుతాను, వద్దంటే ఊరుకుంటాను." నజీహా దానికి ఇంకా జవాబివ్వలేదు.

అక్టోబరు ఆఖరి బొమ్మలో పిన్ని తోట నిలదొక్కుకుంది. గోడ పక్క వరస పచ్చగా ఉంది, అడ్డంగా ఇంకో నాలుగు. లెక్కపెడితే పది వచ్చాయి. పదకొండోది తేలలేదు. గోడ వరస చివర్లో, రెండు గళ్ళ సందున పడే చెట్టొకటుంది. దాని పచ్చదనం సగం ఈ గడిలో, సగం ఆ గడిలో పోయి, ఎటూ కాని బూడిద రంగుగా కనిపిస్తుంది. అది నజీహా పుట్టిన ఏడు సల్హా నాటిన చెట్టు. దాన్ని బతకనిచ్చిందా, వదిలేసిందా? బొమ్మని పెద్దది చేసి చూసింది, రంగులు మార్చి చూసింది, పాత బొమ్మల పక్కన పెట్టి చూసింది. ఎంత పెద్దది చేసినా గడి గడిలాగే ఉంది.

రెండు నెలలుగా పిన్ని ఫోను చెయ్యలేదు, తనూ చెయ్యలేదు. ఆ రోజు చేసింది. చాలాసేపు మోగాక అవతల ఎత్తారు. వెనక ఎక్కడో కాలవలో నీళ్ళు పారుతున్న చప్పుడు.

"పిన్నీ" అంది నజీహా. "గోడ వరస చివరి చెట్టు... ఉందా?"

నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"అడుగుతున్నావా?" అంది సల్హా.

"అడుగుతున్నాను."

"ఇప్పటికి వచ్చిందా అడగడం" అంది సల్హా. "వంతు అయిపోతోంది, గోడ వరస చివరికి మడవ మార్చాలి" అని ఫోను పెట్టేసింది.